బ్రేకుకు నూనె

నూలు బట్టల మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు యంత్రాలకు నూనె పోసిన మనిషిని ఇంట్లో ఊరికే కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో, ఆయన రిటైరైన రెండో వారానికే ఇంటిల్లిపాదికీ తెలిసొచ్చింది.

మిల్లులో ఆయన్ని అందరూ నూనెడబ్బా అనేవారు. ఆయన దాన్ని బిరుదు కింద జమకట్టుకున్నారు. పదవీ విరమణ రోజున గడియారం ఇస్తామంటే వద్దని, ముప్పై ఒక్క ఏళ్లు చేతిలో ఉన్న పొడుగు ముక్కు రేకు డబ్బానే అడిగి తెచ్చుకున్నారు. గడియారం తెచ్చుకున్నా దాంట్లోనూ నూనె పోసేవారే, అది వేరే సంగతి.

మొదటి వారం తలుపు బందులకు పోశారు. ఎవరు ఎప్పుడు గదిలోకి వస్తున్నారో తెలియక అందరూ ఉలిక్కిపడడం మొదలుపెట్టారు. తర్వాత బల్ల సొరుగులకు పోశారు. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే కొడుకు పెన్ను కోసం సొరుగు లాగితే, సొరుగు మొత్తం ఊడొచ్చి పాదం మీద పడింది. మూడోవారం స్నానాలగది గడియ వంతు. తడి చేతికి ఆ గడియ ఎంతకీ పట్టు దొరకక, ఆయన భార్య అరగంట సేపు లోపలే ఉండిపోయింది. ఆ అరగంటలో ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు గానీ, వాటిలో కొన్ని ఆయన వంశానికి సంబంధించినవి.

"కీచుమనేది ఏదైనా సరే, నూనె అడుగుతున్నట్టే లెక్క" అనేవారు పెద్దాయన. "రాసుకోవడం మానేస్తే అరగదు. అరగకపోతే అరవదు. ఇంతే ప్రపంచం."

"మరి నేనూ అరుస్తున్నాగా. నా నెత్తిన కూడా పొయ్యండి" అనేది పెద్దావిడ.

ఆ ఇంటి కోడలు లిఫ్టుల కంపెనీలో మెకానిక్కు. నగరంలో నలభై రెండు లిఫ్టుల బాగోగులు ఆమె చేతిలో ఉండేవి. ఆరేళ్లుగా రోజూ సాయంత్రం నల్లటి చేతులతో ఇంటికొచ్చేది. పెద్దాయన ఆమె కోసం మిల్లు సబ్బు ముక్క ఒకటి కుళాయి దగ్గర పెట్టి ఉంచేవారు. అదొక్కటే ఆయన ఆమె ఉద్యోగానికి ఇచ్చిన గౌరవం. ఆ పనేమిటో, ఎలా చేస్తుందో ఒక్కనాడూ అడగలేదు. యంత్రమన్నాక తనకు తెలియనిది ఏముంటుందని ఆయన ధీమా.

ఒకసారి భోజనాల దగ్గర ఆమె ఉండబట్టలేక అంది. "రాపిడి లేకపోతే మీరు ఆ గ్లాసు కూడా పట్టుకోలేరు మామయ్యా. నేల మీద నిలబడలేరు. గోడలో మేకు నిలవదు. మీ చొక్కా గుడ్డలో పోగు పోగుని పట్టుకుని ఉందంటే అదీ రాపిడే."

"గుడ్డ సంగతి నాకు చెప్తావేంటమ్మా? మిల్లులో లక్షల గజాలు నేశాను."

"నేసింది మీరు కాదు. పక్కన నిలబడి నూనె పోశారు" అంది పెద్దావిడ.

దాంతో ఆ చర్చ ముగిసింది.

వాళ్లుండే భవనానికి ఏడు అంతస్తులు, ఇరవై ఎనిమిది ఇళ్లు, ఒకటే లిఫ్టు. ఇనుప చువ్వల మడత తలుపున్న పాతకాలపు లిఫ్టు అది. ఏ అంతస్తులో ఆగినా ముందు కీచుమని ఒక కేక పెట్టి ఆగేది. శుక్రవారం కంపెనీ నుంచి వేరే మెకానిక్కు వచ్చి చూశాడు. బ్రేకు లోపల చక్రాన్ని పట్టి ఆపే లైనింగు పట్టీలు అరిగి గట్టిపడ్డాయని, కొత్తవి గురువారానికి వస్తాయని, అప్పటిదాకా అరుస్తుందే తప్ప ఆగడానికి ఢోకా లేదని చెప్పి వెళ్లాడు.

ఆ కేక అందరికంటే ఎక్కువగా గుచ్చుకున్నది భవన సంఘం అధ్యక్షుడికి. ఆయన ఉండేది ఏడో అంతస్తులో, సరిగ్గా మోటారు గది కింద. ఏదో ఆఫీసులో పెద్ద కుర్చీలో చేసి వచ్చిన మనిషి. లోకంలో ఏ సమస్యకైనా నోటీసు అతికిస్తే సరిపోతుందని ఆయన నమ్మకం. మెట్ల మీద చెప్పులు చప్పుడు చేయరాదని ఒకటి, నీళ్ల పంపు దగ్గర నవ్వరాదని ఒకటి అప్పటికే అతికించి ఉన్నాయి. లిఫ్టు మాత్రం నోటీసు చదవలేదు.

శనివారం పొద్దున లిఫ్టు దగ్గర అధ్యక్షుడు, పెద్దాయన ఎదురుపడ్డారు.

"ఏమండీ, మీ కోడలి కంపెనీయే కదా? గురువారం దాకా ఈ ఏడుపు వినాలా నేను?"

పెద్దాయన కళ్లు మెరిశాయి. "సార్, వాళ్లు పిల్లలు. ఏదైనా మార్చడమే తెలుసు. కీచుమనేదానికి ఒకటే మందు. ముప్పై ఒక్క ఏళ్లు నేనిచ్చింది ఆ మందే."

"అయితే ఇవ్వండి మరి" అని అధ్యక్షుడు మోటారు గది తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

కోడలు ఆ రోజు ఊరవతల ఏదో ఆస్పత్రి లిఫ్టు పనిలో ఉంది. మధ్యాహ్నం భోజనం కాగానే పెద్దాయన డబ్బా నింపుకుని మోటారు గదికి ఎక్కారు. లిఫ్టు రెండుసార్లు ఆగేదాకా చెవి రిక్కించి విన్నారు. కేక ఎక్కణ్ణించి వస్తోందో పట్టేశారు. మోటారు పక్కన డోలులాంటి ఇనుప చక్రం, దాన్ని రెండువైపుల నుంచీ దవడల్లా అదిమి పట్టుకునే రెండు ఇనుప పలకలు. ఆ దవడల మధ్య ముక్కు పెట్టి, పసిబిడ్డకు పాలు పట్టినంత ప్రేమగా, డబ్బా ఖాళీ అయ్యేదాకా పోశారు.

సాయంత్రానికి లిఫ్టు నోరు మూసుకుంది. అధ్యక్షుడు కిందికీ పైకీ నాలుగుసార్లు ఉత్తపుణ్యానికి తిరిగి, ఆ నిశ్శబ్దాన్ని అనుభవించాడు. ఆగినప్పుడు గడపకు రెండు వేళ్లు ఎత్తున ఆగుతోందని అయిదో అంతస్తు కుట్టుపని ఆవిడ అంది. "ముందు చూసి నడవాలమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

మర్నాడు ఆదివారం పదింటికి ఏడో అంతస్తు వసారాలో సంఘం సమావేశం. అధ్యక్షుడు కింద నోటీసు అతికించి లిఫ్టెక్కాడు. రెండో అంతస్తులో పెద్దాయన, పెద్దావిడ ఎక్కారు. చప్పుడు లేకుండా వెళ్తున్న లిఫ్టులో పెద్దాయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది.

ఏడో అంతస్తు వచ్చింది. మోటారు ఆగింది. లిఫ్టు ఆగలేదు.

దానికి కారణం ఇది. లిఫ్టు పెట్టెకు కట్టిన తాళ్ల రెండో కొసన ఇనుప దిమ్మల బరువొకటి వేలాడుతూ ఉంటుంది. పెట్టెలో నలుగురు మనుషులుంటే అటూ ఇటూ సరితూగుతుంది. అంతకు తక్కువైతే దిమ్మలదే బరువు. బ్రేకు పట్టుకున్నంతసేపూ ఎవరు బరువో ఎవరికీ పట్టదు. ఇప్పుడు బ్రేకు దవడల నిండా రాత్రంతా ఇంకిన నూనె. దిమ్మలు తాపీగా కిందికి దిగసాగాయి. పెట్టె, అందులోని ముగ్గురూ అంతే తాపీగా పైకి లేచారు.

వసారాలో కుర్చీలు వేసుకుని కూర్చున్న పదిహేను మంది చూస్తుండగా, చువ్వల వెనక అధ్యక్షుడి తల గుమ్మం పై కమ్మీ వెనక మాయమైంది. తర్వాత మెడ, ఆ తర్వాత ఛాతీ. దిమ్మలు కింద గోతిలో స్ప్రింగుల మీద ఆనుకున్నాక పెట్టె నిలిచింది. అప్పటికి ముగ్గురి నడుములూ, కాళ్లూ, ఆరు చెప్పులూ మాత్రం సభ్యులకు కనిపిస్తున్నాయి.

"సభను ప్రారంభించవచ్చా?" అన్నాడు ఎవడో వెనకనుంచి.

"ఎవడ్రా అది?" అన్నాయి అధ్యక్షుడి కాళ్లు.

కాసేపటికి అధ్యక్షుడు లిఫ్టు నేల మీద కూలబడి, చువ్వల్లోంచి ముఖం కనిపించేలా వంగి, ఆ భంగిమలోనే కంపెనీ మీద ఫిర్యాదు చెప్పడం మొదలుపెట్టాడు. కార్యదర్శి కింద నిలబడి రాసుకుంటున్నాడు. "శుక్రవారం వచ్చిన మెకానిక్కు నిర్లక్ష్యం... రాసుకో... వాణ్ణి వెంటనే ఉద్యోగంలోంచి తీసేయవలసిందిగా..."

పెద్దాయన తేలు కుట్టిన దొంగలా మూలకు జరిగారు. పెద్దావిడ ఆయన చొక్కా దగ్గరకు ముక్కు తెచ్చి ఒకసారి పీల్చింది.

"ఏమండీ."

"ఊఁ."

"నిన్న మధ్యాహ్నం ఎక్కడికెళ్లారు?"

"గాలికి."

"గాలికి వెళ్తే గాలి వాసన రావాలి."

పెద్దాయన లిఫ్టు కప్పులో ఏదో అద్భుతం ఉన్నట్టు పైకి చూస్తూ ఉండిపోయారు.

ఈలోపు వాచ్‌మన్ తన దగ్గరున్న తాళంతో వసారా వైపు చువ్వల తలుపు తీసేశాడు. అధ్యక్షుడికి ధైర్యం వచ్చింది. లోపలి తలుపు తనే లాగి, "నడుమెత్తే కదా, దిగిపోతాను" అని కాళ్లు బయటికి వేలాడేసి కూర్చున్నాడు. లిఫ్టు అడుగుకూ, వసారా నేలకూ మధ్య మూడడుగుల చీకటి సందు ఉంది. దాని వెనక ఏడంతస్తుల గొయ్యి. ఆయనకు వసారా కనిపిస్తోంది గానీ గొయ్యి కనిపించడం లేదు. నున్నటి పంట్లాం, నున్నటి రేకు నేల. ఆయన జరగక ముందే ఆయన కూర్చున్న చోటు జరిగింది.

"ఆగండి! కదలొద్దు!"

మెట్ల మీంచి కోడలు వచ్చింది. తలంటు మధ్యలో ఎవరో పిలిస్తే వచ్చిందేమో, జుట్టు నిండా నురగ, చేతిలో పనిముట్ల సంచి. అప్పటికే అధ్యక్షుడు సగం జారాడు. పెద్దావిడ వెనకనుంచి ఆయన బెల్టు రెండు చేతులా పట్టుకుని, కాళ్లు గుమ్మానికి తన్నిపెట్టి, ఒక్క గుంజు గుంజింది. ఆవిడ యాభై కిలోలు, ఆయన తొంభై అయిదు. అయినా ఆయన గోనెసంచిలా వెనక్కి వచ్చి పడ్డాడు. ఊపిరి తీసుకోలేక కొంతసేపు ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయలేదు.

"కింద గొయ్యి ఉంది సార్. మీరు ఇటు దూకితే కాళ్లు అటు పోయేవి" అంది కోడలు. చువ్వల తలుపు మూయించి, తాళంచెవి తన జేబులో వేసుకుంది. "అత్తయ్యా, మీరు ముగ్గురూ మధ్యలో కూర్చోండి. ఇంకా పైకి పోవడానికి చోటు లేదు, కిందికి రావడానికి మీ బరువు చాలదు. భయం లేదు. నేను దింపుతాను."

వెనకే మెట్లెక్కి వచ్చిన భర్తను వెంటబెట్టుకుని మోటారు గదికి ఎక్కింది. కరెంటు తీసేసింది. బ్రేకు చక్రం మీద వేలు పెట్టి, ఆ వేలు వెలుతురులో చూసుకుంది. వాసన చూసింది. కొన్ని వారాలుగా తన ఇంట్లో ప్రతి తలుపు దగ్గరా వచ్చే వాసన.

"నాన్నేనా?" అన్నాడు భర్త నీరసంగా.

ఆమె స్పానర్ అందుకుంది. దవడలు ఒక్కొక్కటే విప్పింది. చక్రాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిచింది, మళ్లీ పొడి గుడ్డతో తుడిచింది, మళ్లీ స్పిరిట్‌తో. లైనింగుల మీద గరుకు కాగితం వేసి, నూనె ఇంకిన పొర లేచిపోయేదాకా రుద్దింది. నలభై నిమిషాలు పట్టింది. నురగ ఎండి చెవుల మీద అట్టకట్టింది. దవడలు బిగించాక, భర్త చేతికి బ్రేకు మీట ఇచ్చింది.

"పట్టుకో అంటే పైకెత్తి పట్టుకో. వదులు అంటే ఆ క్షణంలోనే వదిలెయ్. ఆలోచించకు."

"ఆలోచించకుండా చేయడం మా వంశంలో ఉంది" అన్నాడు అతను.

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మోటారు ఇరుసు చివరనున్న చక్రాన్ని రెండు చేతులతో తిప్పింది. పట్టుకో, వదులు. పట్టుకో, వదులు. ఒక్కో పట్టుకు జానెడు చొప్పున లిఫ్టు కిందికి దిగింది. వదిలిన ప్రతిసారీ పట్టుకుంది.

ముగ్గురూ వసారాలోకి అడుగుపెట్టేసరికి జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు అవి తనకే అనుకుని చెయ్యి ఊపాడు. తర్వాత కార్యదర్శి చేతిలోంచి కాగితం లాక్కుని, "చూశావా అమ్మా, మీ శుక్రవారం మెకానిక్కు నిర్వాకం! వాడి ఉద్యోగం ఊడగొట్టకపోతే..." అన్నాడు.

కోడలు మెట్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో నూనెతో నల్లబడిన గుడ్డ. మామగారి వైపు చూడలేదు. చూడకపోవడమే పెద్దాయన భరించలేకపోయారు.

"అతను కాదు" అన్నారు. "నేనే. బ్రేకుకు నూనె నేనే పోశాను."

వసారా అంతా నిశ్శబ్దమైంది. అధ్యక్షుడు కోరుకున్న నిశ్శబ్దం అలాంటిదే, కానీ ఆయనకు నచ్చినట్టు లేదు. "నాకేమీ తెలియదు" అన్నాడు తొందరగా.

"తాళంచెవి మీరేగా ఇచ్చారు సార్?" అన్నారు పెద్దాయన.

"తాళంచెవి ఇచ్చాను. బుద్ధి ఇవ్వలేదు కదా!"

"ఉంటే కదా ఇవ్వడానికి" అని పెద్దావిడ సర్దిచెప్పింది. ఎవరిని సమర్థించిందో ఎవరికీ అర్థం కాలేదు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు..." అని పెద్దాయన ఏదో నవ్వులాటగా తేల్చేయబోయారు. "నయం, డబ్బాలో నూనె అయిపోయింది. లేకపోతే ఆ తాళ్లకు కూడా..."

అప్పుడు పేలింది కోడలు.

"నవ్వకండి మామయ్యా! తాళ్లకు పోసి ఉంటే, ఆ తాళ్లు వాటిని లాగే చక్రం మీద పట్టు తప్పి జారిపోయేవి. అప్పుడు నేను తిప్పడానికి కూడా ఏమీ మిగిలేది కాదు. లోపల ఉన్నది ఎవరనుకున్నారు? అత్తయ్య! ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. అమ్మాయ్, ఆ బ్రేకు ఎందుకు అరుస్తోందని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అడిగారా నన్ను? మీకు నేను సబ్బు రుద్దుకోవడానికి తప్ప పనికిరానా?"

ఆ ఇంట్లో మామగారి ఎదుట కోడలు గొంతెత్తడం అదే మొదలు. అదీ ఏడో అంతస్తులో, పదిహేను మంది ముందు. పెద్దాయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక డబ్బా కోసం జేబులు తడుముకున్నారు. తర్వాత మెల్లగా మెట్లు దిగి ఇంటికి వెళ్లిపోయారు.

సాయంత్రం కోడలు కంపెనీకి నివేదిక రాస్తుంటే పెద్దాయన తలుపు దగ్గర రెండుసార్లు తచ్చాడారు.

"నా పేరు రాశావా?"

"మా మామగారు అని రాశాను."

"ఒక గుర్తు తెలియని వ్యక్తి అని రాయకూడదూ?"

"గుర్తు తెలియకపోవడం ఏంటి మామయ్యా, రోజూ మీకు అన్నం వడ్డిస్తున్నాను. రాయకపోతే రేపు ఆ శుక్రవారం అబ్బాయి ఇంట్లో కూర్చోవాలి."

ఆయన తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయారు.

నూనె తాగిన లైనింగులను నమ్మలేమని కోడలు కరెంటు తీసి ఉంచడంతో గురువారం దాకా లిఫ్టు తిరగలేదు. ఇరవై ఎనిమిది ఇళ్ల వాళ్లూ మెట్లెక్కుతూ ఒక్కో మలుపులో ఒక్కో తిట్టు కొత్తగా కనిపెట్టారు. కుట్టుపని ఆవిడ అయితే అయిదంతస్తులూ ఒకే తిట్టును రాగం మారుస్తూ లాక్కొచ్చేది. పెద్దాయన రెండో అంతస్తులో కూర్చుని అన్నీ విన్నారు. అధ్యక్షుడు రోజుకు ఒక్కసారే దిగి, ఒక్కసారే ఎక్కి, మధ్యలో ప్రతి అంతస్తులో నిలబడి తన పాత నోటీసులు తనే చదువుకునేవాడు, ఊపిరి కోసం. ఇంట్లో ఎవరూ పెద్దాయనను ఏమీ అనలేదు. అదింకా కష్టంగా ఉంది. మంగళవారం నాడు ఆయన స్నానాలగది గడియను సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, నాలుగుసార్లు వేసి తీసి చూసుకున్నారు. పెద్దావిడ చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయింది.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర, ఎవరి వైపూ చూడకుండా అడిగారు. "ఆ బ్రేకు... అది ఎలా పట్టుకుంటుంది?"

కోడలు ముద్ద ఆపింది. ఆయన నిజంగానే అడుగుతున్నారో లేదో కాసేపు చూసింది.

"చెప్తే తెలియదు. రేపు నేనే లైనింగులు వేయబోతున్నాను, అడిగి తీసుకున్నాను ఆ పని. వస్తారా?"

"డబ్బా తేవాలా?"

"మామయ్యా!"

"ఊరికే అన్నాలే."

గురువారం పొద్దున మోటారు గదిలో ఆమె ఆయనను ఒక పీట మీద కూర్చోబెట్టింది. కొత్త లైనింగు ముక్క చేతికిచ్చింది. ఆయన వేళ్లతో తడిమి చూశారు. ముప్పై ఒక్క ఏళ్లలో చేతికి తగిలినవన్నీ నున్నటివే. ఇది గరుకుగా, పొడిగా, పిల్లి నాలుకలా ఉంది.

"అంటే, అరగడానికే దీన్ని చేశారన్నమాట" అన్నారు.

"అవును. చక్రం అరగకుండా ఇది అరుగుతుంది. అరిగిపోయాక అరుస్తుంది. అది నూనె అడగడం కాదు మామయ్యా, నా పని అయిపోయింది, నన్ను మార్చండి అని చెప్పడం."

పెద్దాయన చాలాసేపు ఆ ముక్కను తిప్పి చూశారు. "మిల్లులో నన్నూ అలాగే మార్చారు" అన్నారు. "నేను అరవలేదు గానీ."

ఆమె దవడ ఒకటి ఆయన ముందు పెట్టి, మరమేకులు ఎలా బిగించాలో చూపించింది. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళ్లకూడదు, అటొక చుట్టు ఇటొక చుట్టు. ఆయన సరే సరే అని, ఒక పక్క పూర్తిగా బిగించేశారు.

"విప్పండి."

"బాగానే ఉందిగా?"

"వంకరగా కూర్చుంది. ఒక అంచే పట్టుకుంటుంది. విప్పండి."

రెండోసారి సందు ఎక్కువైంది. ఆమె పలచటి రేకు ముక్కను దవడకూ చక్రానికీ మధ్య దూర్చి చూపించింది. అది అడ్డం లేకుండా అవతలికి వెళ్లిపోయింది. మళ్లీ విప్పించింది. పెద్దాయన నుదుటి మీద చెమట పట్టింది. మిల్లులో ఆయన పనిని మళ్లీ చేయమన్న మనిషి పుట్టలేదు. పుట్టి ఉంటే తన పని గురించి ఆయన కొంచెం తక్కువ చెప్పుకునేవారేమో.

"నీకు ఈ పని నేర్పింది ఎవరమ్మా?" అన్నారు మరమేకు తిప్పుతూ.

"ఒక ముసలాయన. చాలా కోపిష్ఠి. స్పానర్ తీసి విసిరేవాడు."

"నువ్వు విసరడం లేదుగా."

"ఇంకా రెండో దవడ ఉంది మామయ్యా. తొందరపడకండి."

ఆయన పెద్దగా నవ్వారు. నవ్వుతూనే అటొక చుట్టు, ఇటొక చుట్టు తిప్పారు. ఈసారి ఆమె రేకు ముక్క దూర్చితే కొంచెం బిగువుగా కదిలింది. ఆమె దాన్ని ఆయన చేతికే ఇచ్చి, "మీరే లాగి చూడండి" అంది.

ఆయన లాగారు. లాగుతున్నప్పుడు ఆ రేకు ఆయన వేళ్లను కొద్దిగా వెనక్కి గుంజింది.